ఎంసెట్ ర్యాంకు ఉంటే చాలు, కాల్‌క్యులస్ బీసీ చెప్పేయవచ్చా?

మే నెలలో పరీక్షలు ముగియగానే అమెరికాలోని తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. ఏటా మాటలు మారినా సారం మారదు. ఆగస్టులో మీ పిల్లలు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాల్‌క్యులస్ బీసీలో చేరుతున్నారా? అవి మన ఇంటర్ లెక్కలే. ఐఐటీలో చదివినవారినో, ఎంసెట్‌లో పెద్ద ర్యాంకు తెచ్చుకున్నవారినో ఇండియా నుంచి ఆన్‌లైన్‌లో పెట్టుకోండి. వేసవిలోనే సిలబస్ పూర్తి చేయించండి. ఫీజు చూడకండి, 5 స్కోరుకు హామీ ఇచ్చేవారిని ఎంచుకోండి. బడి పాఠాన్ని నమ్ముకుంటే లాభం లేదు. ఆ 5 రాకపోతే మంచి యూనివర్సిటీ మాట మరచిపోండి. ఆ సందేశం చెప్పేది ఇదీ. తెలియనివారికి ఒక మాట. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) అంటే అమెరికా హైస్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సు చదివి, కాలేజ్ బోర్డ్ అనే సంస్థ మే నెలలో పెట్టే పరీక్ష రాయడం. స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. కాల్‌క్యులస్‌లో ఏబీ ఒక కోర్సు, దానికి మరికొన్ని అంశాలు చేర్చినది బీసీ.

గుంటూరులో పదకొండేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. ఎనిమిదేళ్లుగా డాలస్ దగ్గర ఉంటూ ఇక్కడి పిల్లలకు ఇదే కాల్‌క్యులస్ చెబుతున్నాను. ఈ సందేశాన్ని నమ్మి డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు చూశాను. అంతకంటే బాధ కలిగించేది, లెక్కలంటే ఇష్టపడిన పిల్లలు డిసెంబరు నాటికి ఆ పుస్తకం తెరవడానికే భయపడటం. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదటి మాట, ఇవి మన ఇంటర్ లెక్కలే అన్నది. అవధులు (లిమిట్స్), అవకలనం (డిఫరెన్షియేషన్), సమాకలనం (ఇంటిగ్రేషన్), అవకలన సమీకరణాలు ఇంటర్ గణితం 1బి, 2బి పేపర్లు చదివినవారందరికీ తెలిసినవే, నిజమే. సమాకలన పద్ధతుల్లోనైతే మన పుస్తకం బీసీ కంటే చాలా దూరం వెళుతుంది. త్రికోణమితీయ ప్రతిక్షేపణ బీసీ సిలబస్‌లో లేదు. పాక్షిక భిన్నాలు కూడా హారంలో ఒక్కొక్కసారే వచ్చే ఏకఘాత కారణాంకాల వరకే. కానీ బీసీలో మొత్తం పది యూనిట్లు ఉంటే, పదోది పూర్తిగా అనంత శ్రేణుల గురించి. ఒక శ్రేణి అభిసరిస్తుందా, అంటే దాని మొత్తం ఒక నిర్దిష్ట సంఖ్యకు చేరుతుందా లేదా అని తేల్చే నిష్పత్తి పరీక్ష, సమాకలన పరీక్ష, ఏకాంతర శ్రేణి పరీక్ష. ఆపైన ఒక ప్రమేయాన్ని అనంత పదాల మొత్తంగా రాసే టేలర్ శ్రేణి. అందులో కొన్ని పదాలే తీసుకుంటే వచ్చే దోషానికి లెగ్రాంజ్ చెప్పిన హద్దు. పరీక్షలో 17, 18 శాతం ఈ ఒక్క యూనిట్‌దే. నేను గుంటూరులో ఉన్నన్నాళ్లు వీటిలో ఒక్కదాన్నీ బోర్డు మీద రాయలేదు. 2ఎలో ద్విపద సిద్ధాంతం చెబుతూ అకరణీయ ఘాతానికి అనంత విస్తరణ రాసేవాళ్లం, చరరాశి పరమ విలువ 1 కంటే తక్కువ అని పక్కన నిబంధన పెట్టి ముందుకు సాగిపోయేవాళ్లం. ఆ నిబంధన ఎందుకు అన్న ప్రశ్న దగ్గరే ఇక్కడి పదో యూనిట్ మొదలవుతుంది. ధ్రువ నిరూపకాల్లో వైశాల్యం, ఆయిలర్ పద్ధతి కూడా మన ఇంటర్‌లో లేనివే.

సిలబస్ తేడాను చదువుకుని పూడ్చుకోవచ్చు. జవాబు రాసే తీరులో ఉన్న తేడా అంత సులభంగా పోదు. ఎంసెట్ అయినా ఇప్పటి ఈఏపీసెట్ అయినా 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలు. ఇచ్చిన నాలుగు జవాబుల్లో విలువలు వేసి చూసి, కుదరనివి కొట్టేసి, సరైనది పట్టుకునే వేగం అక్కడ ప్రాణం. బీసీలో 45 బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉన్నా వాటి విలువ సగమే. మిగతా సగం ఆరు వివరణాత్మక ప్రశ్నలది, ఒక్కొక్కటి 9 మార్కులు, మొత్తం గంటన్నర. 2025 నుంచి బహుళైచ్ఛిక భాగం కంప్యూటర్ మీదికి వెళ్లినా, ఈ ఆరింటి జవాబులు ఇప్పటికీ కాగితం మీద చేత్తోనే రాయాలి. అక్కడ మార్కు పడేది కారణానికి.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. సైకిల్ మీద వెళ్లే మనిషి వేగం 2 సెకన్ల దగ్గర సెకనుకు 5 మీటర్లు, 6 సెకన్ల దగ్గర సెకనుకు 13 మీటర్లు. వేగ ప్రమేయం అవకలనీయం అని ప్రశ్నలోనే చెప్పారు. ఈ మధ్యలో ఏదో ఒక క్షణంలో త్వరణం సరిగ్గా 2 అయి తీరుతుందా? మన దగ్గర తర్ఫీదు పొందిన పిల్లవాడు 13 నుంచి 5 తీసేసి 4తో భాగించి, 2 వచ్చింది కాబట్టి అవును అని రాసి పక్క ప్రశ్నకు వెళ్లిపోతాడు. లెక్క తప్పు లేదు, అయినా మార్కులు పూర్తిగా రావు. ప్రమేయం అవకలనీయం కాబట్టి ఆ అంతరంలో అవిచ్ఛిన్నం కూడా, కాబట్టి మధ్యమ మూల్య సిద్ధాంతం వర్తిస్తుంది అన్న వాక్యం కాగితం మీద ఉండాలి. స్థానిక గరిష్ఠం దగ్గరా అంతే. ప్లస్, మైనస్ గుర్తుల పట్టిక గీసి వదిలేస్తే దాన్ని కారణంగా తీసుకోరు. అవకలజం ధనాత్మకం నుంచి రుణాత్మకానికి మారుతోంది కాబట్టి గరిష్ఠం అని మాటల్లో చెప్పాలి. మన దగ్గర మెచ్చుకునే ఒక అలవాటు ఇక్కడ పిల్లలను ముంచుతుంది కూడా. జవాబును చివరిదాకా సూక్ష్మీకరించమని మనం పట్టుబడతాం. ఇక్కడి వివరణాత్మక ప్రశ్నల్లో సంఖ్యా సమాధానాన్ని సూక్ష్మీకరించనవసరం లేదు, అలాగే వదిలేసినా పూర్తి మార్కు ఇస్తారు. సూక్ష్మీకరించబోయి తప్పు చేస్తే మాత్రం చేతికి వచ్చిన మార్కు పోతుంది.

ఇంకొకటి కాలిక్యులేటర్. 15 బహుళైచ్ఛిక ప్రశ్నలకూ రెండు వివరణాత్మక ప్రశ్నలకూ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరి. మొదటి ఏడాది నేను మా అన్నయ్య కూతురికి చెబుతున్నప్పుడు, ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ (e^(-x²)) ఉన్న ఒక నిశ్చిత సమాకలనం వచ్చింది. దాన్ని మనకు తెలిసిన ప్రమేయాల్లో సమాకలనం చేయడం సాధ్యం కాదు. సమాకలనాన్ని గణిత సంకేతాల్లో రాసి, విలువను కాలిక్యులేటర్‌లో తీసి, మూడు దశాంశ స్థానాల వరకు రాయాలన్నది అక్కడి పద్ధతి. పదకొండేళ్ల అనుభవం ఉన్న నాకు ఆ రోజు ఆ పద్ధతి తెలియదు. ఆ అమ్మాయి గంట సమయం నా వల్ల వృథా అయింది. ఆ రాత్రే కాలేజ్ బోర్డ్ వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నపత్రాలూ వాటి మార్కుల విభజనా తీసి కూర్చున్నాను. డాలస్‌లో రాత్రి ఎనిమిదైతే ఇండియాలో ఇంకా ఉదయం ఆరున్నరో ఏడున్నరో. ఆ వేళకు లేచి శ్రద్ధగా పాఠం చెప్పే అధ్యాపకుల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు, వారిలో ఈ పరీక్షను క్షుణ్ణంగా చదివినవారూ ఉన్నారు. నేను అభ్యంతరపెడుతున్నది ర్యాంకు ఒక్కటే అర్హత అనుకోవడాన్ని.

రెండోది, వేసవిలోనే సిలబస్ పూర్తి చేయించడం. రెండు నెలల్లో పది యూనిట్లు పరుగెత్తిస్తే పిల్లలకు మిగిలేవి సూత్రాలు మాత్రమే. ఆగస్టులో తరగతిలో కూర్చుని ఇదంతా నాకు వచ్చు అనుకుంటారు, వినడం మానేస్తారు. శ్రేణులు మొదలయ్యే నాటికి కింద నేల ఉండదు. నా దగ్గరికి వచ్చే పిల్లల కాగితాల్లో తప్పులు చూస్తే, కాల్‌క్యులస్ వల్ల జరిగినవి తక్కువ. ఎక్స్ స్క్వేర్ ప్లస్ తొమ్మిదికి వర్గమూలం ఎక్స్ ప్లస్ మూడు అని రాయడం, రుణ ఘాతాన్ని తిరగేయడంలో పొరపాటు, రెండు సంవర్గమానాల మొత్తాన్ని మొత్తానికి సంవర్గమానం అనుకోవడం, పై బై ఆరు దగ్గర సైన్ విలువ కోసం తడుముకోవడం, ఇవే ఎక్కువ. వేసవిలో ట్యూటర్‌ను పెట్టాలనుకుంటే వీటి కోసం పెట్టండి. బీజగణితం, త్రికోణమితి, ప్రమేయాల సంయోగం గట్టిపడితే సెప్టెంబరులో శృంఖల నియమం (చైన్ రూల్) ఒక వారంలో వస్తుంది.

హామీ మాట చూద్దాం. బీసీ రాసేవారిలో ఇటీవలి సంవత్సరాల్లో 40 శాతానికి పైగా 5 తెచ్చుకుంటున్నారు. ఏబీలో అది సుమారు ఐదో వంతు. బీసీ ప్రశ్నలు తేలిక కావడం దీనికి కారణం కాదు, లెక్కల్లో ముందే గట్టిగా ఉన్నవారే అందులో చేరడం కారణం. అలాంటప్పుడు, మా విద్యార్థుల్లో సగం మందికి 5 వచ్చింది అని ఒక ట్యూటర్ చెబితే అందులో ఆయన పాత్ర ఎంతో తెలియదు. వారిలో చాలామందికి ట్యూటర్ లేకున్నా అదే వచ్చేది. అడగవలసిన ప్రశ్న వేరు. అక్టోబరులో 60 మార్కులతో మీ దగ్గరికి వచ్చిన పిల్లలు మే నాటికి ఎక్కడికి చేరారు? దీనికి ఒకరిద్దరి సంగతి వివరంగా చెప్పగలిగినవారిని నమ్మవచ్చు. ఏడాది ఫీజు మొత్తం ముందే కట్టమనేవారి దగ్గర మాత్రం సంతకం పెట్టకండి. ట్యూటరూ బిడ్డా కలవకపోతే మూడో వారంలోనే విడిపోయే వీలుండాలి.

ఇక బడి పాఠం చాలదన్న మాట. మీ బిడ్డ రాసిన ప్రతి పరీక్షనూ చూసేది ఆ బడి ఉపాధ్యాయులే. బడికి ముందో తరువాతో సందేహాలు తీర్చడానికి కూర్చునే ఉపాధ్యాయులు మా ప్రాంతంలో చాలామంది ఉన్నారు, ఆ గదుల్లో మన పిల్లలు తక్కువగా కనిపిస్తారు. కాలేజ్ బోర్డ్ వారి ఏపీ క్లాస్‌రూమ్‌లో ప్రతి అంశానికీ వీడియోలు, ప్రతి యూనిట్‌కూ పరీక్షలు ఉచితం. ఖాన్ అకాడమీలో బీసీ కోర్సు మొత్తం ఉచితం. దాని స్థాపకుడు సాల్ ఖాన్ 2020లో మొదలుపెట్టిన స్కూల్‌హౌస్ డాట్ వరల్డ్‌లో తోటి విద్యార్థులే డబ్బు తీసుకోకుండా ట్యూటరింగ్ చేస్తారు. మ్యూ ఆల్ఫా థీటా అనే విద్యార్థుల గణిత సంఘం శాఖ ఉన్న హైస్కూలైతే పై తరగతి పిల్లల సహాయం దొరకవచ్చు, అడిగి చూడండి. వీటన్నిటి తరువాతా ట్యూటర్ అవసరమయ్యే పిల్లలు ఉంటారు. జబ్బు చేసి వారాల తరబడి బడికి వెళ్లనివారు, ప్రీకాల్‌క్యులస్ సరిగ్గా చదవకుండా పైకి వచ్చినవారు, ఉపాధ్యాయులు సెలవులో ఉండి తాత్కాలిక ఉపాధ్యాయులతో నెలలు గడిచిపోయిన తరగతివారు. వారికోసం ఖర్చు పెట్టడం న్యాయం. అందరికీ అవసరం అనడం అన్యాయం.

చివరి మాట మీద నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అది పిల్లలను భయపెడుతుంది. పన్నెండో తరగతిలో బీసీ చదివే బిడ్డ పరీక్ష రాసేది మే నెలలో, స్కోరు వచ్చేది జూలైలో. యూనివర్సిటీలు తమ నిర్ణయాలను సాధారణంగా మార్చి నెలాఖరులోపే చెప్పేస్తాయి, ఎక్కడ చేరతారో చెప్పడానికి గడువు చాలాచోట్ల మే 1. సీటు ఖాయమయ్యాక వచ్చే స్కోరు సీటును ఎలా నిర్ణయిస్తుంది? దరఖాస్తులో కనిపించేవి ఆ కోర్సు తీసుకున్న సంగతి, బడిలో వచ్చిన గ్రేడు. పదకొండులోనే బీసీ రాసినవారు స్కోరు చూపించుకోవచ్చు, నిజమే, కానీ అది దరఖాస్తులో ఒక అంశం మాత్రమే. స్కోరు ఉపయోగం ప్రధానంగా క్రెడిట్లలో ఉంటుంది, అదీ చోటును బట్టి మారుతుంది. బీసీలో 5 వస్తే ఎంఐటీ మొదటి కాల్‌క్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది. కాల్‌టెక్ అసలు ఇవ్వదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ 3 వచ్చినా క్రెడిట్ ఇస్తుంది. పైగా బీసీ రాసినవారికి ఏబీ భాగానికి విడిగా ఉపస్కోరు కూడా వస్తుంది, శ్రేణుల దగ్గర తడబడినా చేసిందంతా పోయినట్టు కాదు.

అయితే ట్యూటర్‌ను ఎలా ఎంచుకోవాలి? మొదటి పరిచయ తరగతికి ముందు, మీ బిడ్డకు మార్కులు తగ్గిన బడి పరీక్ష కాగితం ఒకటి, కాలేజ్ బోర్డ్ విడుదల చేసిన పాత వివరణాత్మక ప్రశ్నకు మీ బిడ్డ రాసిన జవాబు ఒకటి ఆయనకు పంపండి. ఈ రెండోదానికి 9కి ఎన్ని మార్కులు వేస్తారు, ఎక్కడెక్కడ తగ్గిస్తారు అని అడగండి. అధికారిక మార్కుల విభజన మీ దగ్గర ఉంటుంది కాబట్టి పోల్చుకోవచ్చు. తరువాత తరగతి జరుగుతుండగా పక్క గదిలోంచి వినండి. గంటలో ఎక్కువసేపు ఎవరి గొంతు వినిపిస్తోంది?

మా అన్నయ్య కూతురికి తరువాత దొరికిన ట్యూటర్ ఇక్కడి యూనివర్సిటీలో గణితం చదువుతున్న మూడో ఏడాది అమ్మాయి. ర్యాంకులు ఏవీ లేవు. మొదటి రోజు ఆమె పాఠమే చెప్పలేదు. పరీక్ష కాగితంలో కొట్టేసి ఉన్న ఒక పంక్తి మీద వేలు పెట్టి, ఇక్కడ నువ్వు ఏమనుకున్నావో చెప్పు అని అడిగి, ఆ పిల్ల చెప్పడం పూర్తయ్యేదాకా పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంది.