టీవీ మీకు, స్విచ్ నాకు

(డల్లాస్‌లో ఒక అపార్ట్‌మెంట్. రమణ సోఫాలో కాళ్లు చాపి క్రికెట్ చూస్తున్నాడు. పక్కనే సుజాత, చేతిలో నింటెండో కంపెనీ గేమ్ మెషిన్, స్విచ్.)

రమణ: అంత చిన్న తెర మీద ఏం కనిపిస్తుందే? అదీ 720పీ! ఫోనే నయం.

సుజాత: పెద్ద తెర మీరు వదిలితేగా! డాక్ అనే స్టాండ్‌లో పెడితే టీవీలో ఆడుకోవచ్చు, తీస్తే చేతిలో. అందుకే 15 కోట్లకు పైగా మెషిన్లు అమ్ముడయ్యాయి.

రమణ: లోపల చిప్ చూశావా? 2017లో వచ్చేనాటికే పాతది. నా ప్లేస్టేషన్ పవర్ ముందు అదెంత!

సుజాత: మీ పవర్ మీద మనీప్లాంట్ పెట్టాను, చూసుకున్నారా?

రమణ: (అటు చూసి, చూడనట్టు) అదే కంపెనీ 2012లో వీ యూ అనే మెషిన్ తెచ్చింది. దానికీ చేతిలో తెర ఉంది. కోటీ 35 లక్షల మెషిన్ల దగ్గరే చతికిలబడింది. దానికేమంటావు?

సుజాత: ఆ తెర పట్టుకుని టీవీ దగ్గరుండే అసలు పెట్టెకు కాస్త దూరం వెళ్తే సిగ్నల్ పోయేది. పైగా ఆ పేరు! అంతకుముందున్న వీ మెషిన్‌కి తగిలించే కొత్త సామానేమో అనుకున్నారు జనం.

రమణ: మా తమ్ముడూ అలాగే అనుకున్నాడులే.

సుజాత: మీ వంశం సంగతి తర్వాత. అప్పట్లో నింటెండో వాళ్లు టీవీ మెషిన్‌కి వేరే, చేతి మెషిన్‌కి వేరే ఆటలు తయారుచేయాల్సి వచ్చేది. స్విచ్ వచ్చాక రెంటికీ కలిపి ఒక్కదానికే చేస్తే సరిపోయింది. ఆటలకు కరువే లేకపోయింది. మొదటిరోజే జెల్డా ఆట దిగింది.

రమణ: మారియో కార్ట్ కార్ల రేసు ఆట మాత్రం పాతదేగా! వీ యూలోంచి తీసి, డీలక్స్ అని పేరు తగిలించి 6 కోట్ల కాపీల పైన అమ్మారు. మోసం కాదూ?

సుజాత: రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోర చేస్తే రెండుసార్లు వడ్డించుకున్నారు. అప్పుడు మోసమనలేదే?

రమణ: సరే, కరోనా కలిసొచ్చింది, అదైనా ఒప్పుకో.

సుజాత: ఒప్పుకుంటా. 2020 మార్చిలో అందరూ తలుపులేసుకున్నారు, సరిగ్గా అప్పుడే యానిమల్ క్రాసింగ్ ఆట వచ్చింది. కానీ అంతకు మూడేళ్ల ముందునుంచీ కొన్నవాళ్ల సంగతో?

(టీవీలో వర్షం. ఆట ఆగింది. రమణ మెల్లగా జరిగాడు.)

రమణ: ఆ పక్కనున్న జాయ్‌కాన్ కంట్రోలర్ ఊడొస్తుందా?

సుజాత: ఊడొస్తుంది. విడిగా రెండోది కొనక్కర్లేదు. ఇదిగో, పట్టుకోండి.

(స్విచ్‌ను టీపాయ్ మీద నిలబెట్టింది. రెండు కార్లు బయల్దేరాయి.)

రమణ: అయ్యో, జారిపోయానే! దారిలో ఈ అరటితొక్క ఎవరు పడేశారు?

సుజాత: ఎవరేమిటి? ఇంట్లో రోజూ మీరు పడేస్తే ఎత్తేది ఎవరో, వాళ్లే.