తూటా గాయం ఏ విభాగం లెక్క?

నాటు తుపాకీ రవ్వలు దిగిన మనిషిని కర్నూలు పెద్దాసుపత్రికి తెస్తే అతని గాయం కనీసం నాలుగు చోట్ల నమోదవుతుంది: క్యాజువాలిటీలో ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు) రిజిస్టరు, కేస్‌షీటు, గాయాల సర్టిఫికెట్, పోలీసుల ఎఫ్‌ఐఆర్. చనిపోతే పోస్టుమార్టం నివేదిక ఐదోది. వీటన్నిటినీ ఒకచోట పరిచి ఎవరికి, ఎక్కడ, ఏ ఆయుధంతో, ఎందుకు తగిలిందో చూడడం మాత్రం ప్రత్యేకంగా ఎవరి విధీ కాదు. సీమలో ఆయుధమంటే పోలీసు వ్యవహారం, కాదంటే రాజకీయం. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవి హత్య మీద ఎంత రాశారో అందరికీ తెలుసు. బాంబు చేతిలోనే పేలి వేళ్లు పోయినవాళ్లు, పందుల కోసం పొలం గట్టున పెట్టిన నాటుబాంబు ఉండను తొక్కినవాళ్లు ఎందరో చెప్పే పట్టిక లేదు.

ఆయుధ గాయాల నివారణను జీవితకాలపు పరిశోధనగా ఎంచుకునే యువ వైద్యులు కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల నుంచే రావాలని మేం అంటున్నాం. వాళ్లకు ముందుగా ఎదురయ్యే చిక్కు నిధులు కాదు, రాత. ఆసుపత్రులు గాయం ఏమిటో రాస్తాయి, ఎలా తగిలిందో వదిలేస్తాయి. అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ పదో కూర్పులో తుపాకీ దాడికి ఎక్స్ 93 నుంచి 95 వరకు, ప్రమాదవశాత్తు పేలితే డబ్ల్యూ 32 నుంచి 34 వరకు, ఉద్దేశం తేలకపోతే వై 22 నుంచి 24 వరకు కోడ్‌లున్నాయి. పేలుడు పదార్థంతో దాడికి ఎక్స్ 96. నాటు బాంబు చుడుతూ గాయపడినవాడు ‘టపాకాయ పేలింది సార్’ అంటే అది బాణసంచా ప్రమాదంగా డబ్ల్యూ 39లో పడుతుంది. ‘సిలిండరు’ అంటే ఇంకో గడిలో పడుతుంది. గాయం మాత్రం అబద్ధం చెప్పదు. అరచేయి చీలి, ముఖానికీ ఛాతీకీ గాజుపెంకులు, మేకులు గుచ్చుకుంటే అది సిలిండరు పని కాదు. అందుకే రోగి చెప్పిన కారణం, డాక్టరు చూసిన గాయం తీరు రెండు వేర్వేరు గడుల్లో ఉండాలి.

సాక్ష్యం చెడేది కూడా తొలి గంటలోనే. కంగారులో చొక్కాను తూటా రంధ్రం మీదుగానే కత్తిరిస్తారు. రక్తంతో తడిసిన బట్టలను పాలిథిన్ కవరులో కడితే బూజు పడుతుంది. నీడలో ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలి. తూటాను పళ్లున్న ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే అది ఏ తుపాకీదో చెప్పే గీతలు చెడతాయి. ఎక్స్‌రే ఒక్క కోణంలో తీస్తే రవ్వ ఎంత లోతున ఉందో తెలియదు, రెండు కోణాలు కావాలి. కోర్టుకు పనికొచ్చే ఈ జాగ్రత్తలే పరిశోధనకూ పనికొస్తాయి.

తర్వాతి పని లెక్క. ఉదాహరణకు ఒక ఏడాదిలో పోలీసు జాబితాలో 40 మంది, ఆసుపత్రి జాబితాలో 50 మంది, రెండింటిలోనూ ఉన్నవారు 20 మంది అనుకుందాం. రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తయారైతే, నలభైని యాభైతో గుణించి ఇరవైతో భాగిస్తే మొత్తం అంచనా 100. అంటే రెండు జాబితాల్లో కలిపి కనిపించే 70 మంది కాక మరో 30 మంది ఎక్కడో ఉన్నారని అంచనా. ఈ లెక్క మన దగ్గర నేరుగా చెల్లదు. ఎంఎల్‌సీ కాగానే ఆసుపత్రే పోలీసులకు సమాచారం పంపుతుంది కాబట్టి ఉమ్మడి పేర్లు సహజంగానే పెరుగుతాయి, అసలు సంఖ్య తగ్గి కనిపిస్తుంది. దాన్ని సరిచేయాలంటే మూడో జాబితా, 108 అంబులెన్సుల కాల్ రికార్డు లాంటిది, కావాలి. పత్రికల వార్తలను కూడా వాడుకోవచ్చు గానీ, మా పేజీల్లో చావుకు దొరికే చోటు గాయానికి దొరకదు. అనంతపురం నుంచి నేరుగా బళ్లారికో బెంగళూరుకో వెళ్లిపోయేవారు ఏ జాబితాకూ చిక్కరు. అక్కడి ఆసుపత్రులను కలుపుకోకుండా జిల్లా రేటు ప్రకటిస్తే అది తప్పుడు రేటే.

ఎన్నికల కాలం ఇలాంటి పరిశోధకుడికి మంచి అవకాశం. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లలో జమవుతాయి, ఫలితాల తర్వాత తిరిగి చేతికొస్తాయి. ముందూ వెనకా గాయాలను పోల్చవచ్చు. అయితే అదే కాలంలో కక్షలూ రాజుకుంటాయి, పోలీసు పహరా కూడా పెరుగుతుంది. తేడా దేనివల్ల వచ్చిందో విడదీయాలంటే కొడవలి, కర్ర గాయాలను పక్కన పెట్టుకుని చూడాలి. అవి తగ్గకుండా తుపాకీ గాయాలు మాత్రమే తగ్గితేనే చెప్పుకోదగ్గ ఫలితం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సుదారుకు ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. దాని ప్రభావాన్ని జిల్లా స్థాయిలో కొలవడం ఒక పీజీకి చక్కని అంశం. లైసెన్సు లేని నాటు తుపాకీని ఆ సంఖ్యా పరిమితి తాకదన్నది కూడా ఆ థీసిస్‌లోనే రాయాలి.

చదువుకు దారి ఉంది. ఎంబీబీఎస్‌లో ఉండగానే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) స్వల్పకాలిక విద్యార్థి పరిశోధన కింద రెండు నెలల పని చేయవచ్చు. తర్వాత సామాజిక వైద్యంలోనో ఫోరెన్సిక్‌లోనో మూడేళ్ల ఎండీ. గాయాల నివారణలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రంగా పనిచేసిన బెంగళూరు నిమ్హాన్స్ ఎపిడెమియాలజీ విభాగం అనంతపురానికి కొన్ని గంటల ప్రయాణంలోనే ఉంది. థీసిస్ దగ్గరే చాలామంది పొరబడతారు. ఒక్క ఆసుపత్రిలో ఏడాదిన్నరలో వచ్చే తుపాకీ కేసులు ఏ గణాంక పరీక్షకూ చాలవు. పాత రికార్డుల్లోకి వెళ్లాలి. అవి మూటల్లో ఉంటాయి, చెదలు తినగా మిగిలింది దొరుకుతుంది. తూటాతోపాటు పేలుడు గాయాలన్నిటినీ, మూడు జిల్లాల ఆసుపత్రులనూ కలిపి తీసుకుంటేనే సంఖ్య నిలుస్తుంది. 2021 మేలో కడప జిల్లా మామిళ్లపల్లె క్వారీలో జిలెటిన్ పేలి పది మంది కూలీలు చనిపోయారు. అలాంటి ఘటనలూ ఈ పరిధిలోవే.

గాయపడినవారిని అడిగే ప్రశ్నావళిలో ‘ఎవరు చేశారు’ అని అడగకూడదు. ఆ ఒక్క ప్రశ్నతో ఊళ్లో తలుపులు మూసుకుంటాయి, పైగా కోర్టు ఆ కాగితాలు తెమ్మనవచ్చు. అమెరికాలో ఆరోగ్య పరిశోధకులకు గోప్యతా ధ్రువపత్రం రక్షణ ఉంది. అది మన దగ్గర లేనప్పుడు పేర్లు అసలు రాసుకోకపోవడమే దారి. ఆయుధం, దూరం, వేళ, చికిత్స అందేవరకు పట్టిన సమయం చాలు.

అదే అమెరికాలో ఈ రంగం ఎలా ఎండిపోయిందో కూడా తెలుసుకోవాలి. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంట్లో హత్య ముప్పు పెరుగుతుందని 1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం ప్రచురించింది. తుపాకీ నియంత్రణ ప్రచారానికి నిధులు వాడకూడదంటూ 1996లో కాంగ్రెస్ సభ్యుడు జే డిక్కీ పేరిట వచ్చిన నిబంధనతోపాటు వ్యాధి నియంత్రణ సంస్థ బడ్జెట్‌లో 26 లక్షల డాలర్లు కోతపడ్డాయి. అంతకుముందు ఏడాది ఆ సంస్థ తుపాకీ గాయాల పరిశోధనకు వెచ్చించిన మొత్తం సరిగ్గా అంతే. పరిశోధనను చట్టం నేరుగా నిషేధించలేదు, నిధులు పోతాయన్న భయమే సరిపోయింది. 2012లో డిక్కీ స్వయంగా పరిశోధన కావాలని రాశారు. 2020 ఆర్థిక సంవత్సరానికి రెండున్నర కోట్ల డాలర్లు వచ్చేదాకా కొత్తవాళ్లు ఈ వైపు చూడడానికి జంకారు. రెండు దశాబ్దాల ఖాళీలో ఒక తరం గురువులే తయారు కాలేదు.

మన దగ్గర కత్తిరించడానికి బడ్జెట్టే లేదు. కర్నూలు వైద్య కళాశాల 1956 నాటిది. అక్కడ గాయాల పరిశోధనకు ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, ఇద్దరు డేటా ఎంట్రీ సిబ్బంది, అనంతపురం, కడప ఆసుపత్రుల్లో ఒక్కో నర్సు, పేజీన్నర ఫారం ఉంటే తొలి ఏడాది పని నడుస్తుంది. ఆ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను కనీసం ఐదేళ్లు బదిలీల జాబితా నుంచి మినహాయిస్తూ, ఫారాన్ని క్యాజువాలిటీ కేస్‌షీటులోనే ముద్రిస్తూ ఆరోగ్యశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. విడిగా ఇచ్చిన ఫారం రాత్రి డ్యూటీలో ఎవరూ నింపరు. తూటా గాయాలు ఆ వేళల్లోనూ వస్తాయి.