బాత్రూమ్‌కు వెంట్ పైపు అనవసరమన్న వాదనకు ఖండన

బాత్రూమ్ డ్రెయిన్ పైపులకు కప్పు పైనుంచి గాలి అందించే వెంట్ పైపు గురించి, ఇల్లు కట్టుకునేవారి మధ్య ఈమధ్య ఒక సలహా బాగా చేతులు మారుతోంది. "ప్రతి అవుట్‌లెట్‌కూ ట్రాప్ (నీరు నిలిచేలా వంపు తిరిగిన పైపు ముక్క) ఉన్నప్పుడు వెంట్ పైపు దండగ. అది వాసన పోవడానికి పెట్టేది, ఆ పని ట్రాప్ ఎలాగూ చేస్తుంది. పైపులకు వాలు బాగా ఇస్తే చాలు. మరీ అనుమానముంటే సెప్టిక్ ట్యాంకు మీద ఒక గొట్టం నిలబెట్టండి. పాత ఇళ్లలో ఇవన్నీ ఎక్కడున్నాయి?" అన్నది దాని సారాంశం.

మొదట ట్రాప్ సంగతి. వాసనను ట్రాప్ ఆపేది తన వంపులో నిలిచిన నీటితోనే. ఆ నీటి సీలు లోతు సాధారణంగా 50 మిల్లీమీటర్లు. అంత నీరు తట్టుకోగల పీడన వ్యత్యాసం సుమారు 500 పాస్కళ్లు, అంటే వాతావరణ పీడనంలో దాదాపు 200వ వంతు. ఫ్లష్ చేసినప్పుడు నిలువు పైపులో దిగే నీరు ముందున్న గాలిని నెడుతూ, వెనకనున్న గాలిని లాగుతూ పోతుంది. పైనుంచి గాలి అందే దారి లేకపోతే ఆ లాగుడు వాష్‌బేసిన్ ట్రాప్ మీదో, నేల ట్రాప్ మీదో పడి, అందులోని నీటిని పీల్చేస్తుంది. అనుమానమున్నవారు నేల ట్రాప్ జాలీ తీసి, టార్చి వేసి చూస్తూ, మరొకరిచేత ఫ్లష్ చేయించవచ్చు. వెంట్ లేనిచోట నీటి మట్టం చటుక్కున జారి, గుడగుడమని బుడగలు లేచి, నిలకడకు వచ్చేసరికి మునుపటికంటే తగ్గి ఉండటం తరచుగా కనిపిస్తుంది. కమోడ్‌లో నీరు తగ్గలేదు కదా అని కొందరంటారు. ఫ్లష్ చివర్లో ట్యాంకు నుంచి వచ్చే నీరు దాన్ని తిరిగి నింపుతుంది; నేల ట్రాప్‌కు ఆ సౌకర్యం లేదు.

సీలు పోతే వచ్చేది దుర్వాసన ఒక్కటే అనుకోవడమూ సరికాదు. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ నివాస సముదాయంలో 300 మందికి పైగా సార్స్ అనే శ్వాసకోశ వ్యాధి సోకినప్పుడు, ఎండిపోయిన నేల ట్రాప్‌ల గుండా డ్రైనేజీ పైపుల్లోని గాలిని ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బాత్రూమ్‌లలోకి లాగడాన్ని దర్యాప్తు ఒక ముఖ్య కారణంగా గుర్తించింది. అక్కడ ట్రాప్‌లు ఎండింది ప్రధానంగా వాటిలో నీరు పడకపోవడం వల్లనే అయినా, సీలు ఏ దారిన పోయినా ఇంట్లోకి తెరుచుకునే ద్వారం అదే.

ఇక వాలు. సలహాలో అన్నిటికన్నా హాని చేసే మాట ఇదే. సన్న పైపులకు మీటరుకు 20 మిల్లీమీటర్లు, 100 మిల్లీమీటర్ల పైపుకు అందులో సగం వాలు సరిపోతాయి. వాలు ఎక్కువైతే నీరు ముందే జారిపోయి మలం వెనక ఉండిపోతుందని చాలామంది చెబుతారు. అందులో ఎంత బలముందన్నది వాదనకు తావున్న విషయం కనుక దాన్ని పక్కన పెడదాం. ట్రాప్ నుంచి వెంట్ కలిసే చోటు వరకూ ఉన్న పైపు ముక్క విషయంలో మాత్రం ఆ సందేహం లేదు. ఆ ముక్క మొత్తం దిగుడు పైపు వ్యాసాన్ని మించితే, వెంట్ నోరు ట్రాప్‌లోని నీటి మట్టం కన్నా కిందికి పోతుంది. అప్పుడు పైపు నిండుగా పారే నీరు గాలి దారిని మూసేసి, సైఫన్‌లా తన ట్రాప్‌నే ఖాళీ చేస్తుంది. 50 మిల్లీమీటర్ల పైపుకు మీటరుకు 20 వాలిస్తే వెంట్ 2.5 మీటర్ల దూరం వరకూ ఉండవచ్చు. మీటరుకు 50 ఇస్తే ఆ హద్దు ఒక్క మీటరుకు పడిపోతుంది. వెంట్ వద్దని చెప్పిన సలహాయే, పాటించినవారికి వెంట్‌ను మరింత దగ్గరగా పెట్టుకోవలసిన అవసరం తెచ్చిపెడుతుందన్నమాట. ట్రాప్ దాటగానే పైపును నిట్టనిలువునా దించే ఎస్ ట్రాప్‌ను అమెరికా ప్లంబింగ్ నియమావళులు నిషేధించింది కూడా ఈ కారణంగానే.

సెప్టిక్ ట్యాంకు గొట్టం ట్యాంకులోని వాయువులను బయటికి పంపుతుంది. బాత్రూమ్‌కూ దానికీ మధ్య పైపును నింపుకుంటూ నీరు పోతున్న ఆ క్షణంలో, నీటి వెనక ఏర్పడిన గాలి లోటును అవతలి చివరనున్న గొట్టం తీర్చలేదు. పాత ఇళ్ల ఉదాహరణ కూడా అతకదు: స్నానాల గది నీరు గోడ దాటగానే బయటి కాలువలోకి తెరిపిగా పడే చోట, ఆ తెరిచిన చివరే గాలికి దారి.

ప్రతి అవుట్‌లెట్‌కూ విడి వెంట్ కావాలని ఎవరైనా అంటే, అది అతి. సలహా ఇచ్చినవారి విసుగులో ఆ మేరకు న్యాయముంది. వాష్‌బేసిన్ డ్రెయిన్‌ను 50 మిల్లీమీటర్లకు పెంచి, దాని పైభాగాన్ని వెంట్‌గా కప్పు దాటిస్తే, అదే పైపు కింద కలిసే షవర్‌కూ, సక్రమంగా అమర్చితే కమోడ్‌కూ గాలి అందిస్తుంది. గాలిని లోపలికి మాత్రమే రానిచ్చే వాల్వు కొన్నిచోట్ల పనికొస్తుంది గానీ, అనేక అంతస్తుల నిలువు పైపు అడుగున పుట్టే ఎదురు ఒత్తిడిని అది విడుదల చేయలేదు కనుక, ఆ వ్యవస్థలో కనీసం ఒక వెంట్ ఆరుబయటికి తెరుచుకోవాలి. అడ్డంగా పోయే డ్రెయిన్ నుంచి వెంట్‌ను తీసేటప్పుడు దాని పై సగం నుంచే తీయాలి. వాష్‌బేసిన్ అంచుకు 150 మిల్లీమీటర్ల పైకి చేరేదాకా దాన్ని అడ్డంగా తిప్పకూడదు, లేకపోతే డ్రెయిన్ మూసుకున్న రోజున మురుగు వెంట్‌లోకి ఎక్కి అక్కడే గడ్డకడుతుంది.