మన ఇంటికి పైన ఏ చెరువుంది?

2020 అక్టోబరు 13 రాత్రి మా ఇంట్లోకి నీళ్లు గుమ్మం దాటి రాలేదు. బాత్రూంలోంచి వచ్చాయి. ముందు జాలీ కింద గుడగుడమని చప్పుడు, తర్వాత నల్లటి నీళ్లు బుడగలు కడుతూ పైకి లేచాయి. అప్పటికి వీధిలో నీళ్లు మా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక కాలనీలో గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండేవాళ్లం. జాలీలో పాత దుప్పటి కుక్కి, దాని మీద నీళ్ల బకెట్ పెట్టి, ఇక ఆగుతుందనుకున్నాం. ఆ తర్వాత గంటన్నర సేపు మేం చేసిన పనులు తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఫ్రిజ్ కింద ఇటుకలు పెట్టాం. బియ్యం డబ్బా మంచం మీదికెక్కించాం. బీరువా కింది అరలో చీరలు పై అరలోకి సర్దాం. సామాను కదిలించాం కానీ మేం కదల్లేదు. మోకాళ్లు అరిగిపోయి పట్టుమని పది మెట్లు ఎక్కలేని నాన్న మంచం మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు.

పైనింటి ఆవిడ మెట్ల మీద నిలబడి అమ్మని కేకేసింది. "ఇంకా ఏం సర్దుతున్నవక్కా, మోరీ పొంగి రోడ్డంతా నీళ్లే. పెద్దాయన్ని తీసుకొని పైకి రాండ్రి." అప్పటికి హాల్లో మోకాలి లోతు నీళ్లు. ఇద్దరు కుర్రాళ్లు నాన్నని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చెరోవైపు పట్టుకుని, సెల్‌ఫోన్ లైటు వెలుగులో మొదటి అంతస్తుకి మోశారు. అక్కడికెళ్లాక నాకు ఒక సంగతి తట్టింది. మెయిన్ ఆఫ్ చేశాం కాబట్టి కింద కరెంటు లేదనుకున్నాం. కానీ మూలన నేల మీదున్న ఇన్వర్టర్‌ని ఎవరూ ఆపలేదు. మెయిన్ ఆపినా అది ఇంటికి కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఆ నీళ్లలోనే మేం ఉత్త కాళ్లతో అంతసేపు తిరిగాం.

ఆ రోజు ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. అంత వానని ఏ నాలా మోయలేదు, అది ఒప్పుకోవాలి. నన్ను ఇన్నేళ్లుగా తొలుస్తున్నది వాన సంగతి కాదు. సాయంత్రం నుంచీ టీవీలో, ఫోన్లో మాకు అందిన హెచ్చరిక ఒకటే: "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి." మేం అప్రమత్తంగానే ఉన్నాం. నిద్రపోకుండా, టెన్షన్‌తో, కిటికీలోంచి వీధిలోకి చూస్తూనే ఉన్నాం. ఇల్లు వదిలి కదలమని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎప్పుడు కదలాలో, ఎటు వెళ్లాలో చెప్పలేదు. మేమూ ముందుగా అనుకోలేదు.

వాతావరణ శాఖ రంగుల్లో ఆ తేడా ఉంది. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధం కమ్మని, రెడ్ అంటే ఇక చర్య తీసుకోమని. అది వార్తగా మారి మన దగ్గరికి వచ్చేసరికి మూడు రంగులూ కలిసిపోయి "అప్రమత్తం" అన్న ఒక్క మాటే మిగులుతోంది. రెడ్ అలర్ట్ వచ్చిన రోజు ఒక బస్తీకి కావాల్సింది నాలుగు ముక్కల సమాచారం. ఏ వీధులు ఖాళీ చేయాలి, ఎన్ని గంటల లోపు, ఏ స్కూలుకి లేదా ఏ ఫంక్షన్ హాలుకి వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి. ఈ నాలుగూ లేని హెచ్చరిక జనాన్ని భయపెట్టగలదు కానీ కదిలించలేదు.

ఊళ్లలో ఈ పని ఒక్క మాటతో జరిగేది. "మత్తడి దుంకుతోంది" అంటే చాలు, ఆ మాట విన్నవాడికి చెరువు నిండిందని, కింది పొలాలకూ కింది ఇళ్లకూ నీళ్లొస్తాయని తెలుసు. తూము చూసే నీరటి వాన రాత్రి కట్ట మీద తిరిగేవాడు. అవసరమైతే ఊళ్లో చాటింపు పడేది. మన నగరం కూడా గొలుసుకట్టు చెరువుల మీద కట్టిందే. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువులోకి, అక్కణ్నుంచి ఇంకో చెరువులోకి, చివరికి మూసీ నదిలోకి. ఆ చెరువుల శిఖం భూముల్లో, అంటే నీళ్లు నిలిచే చోట, కాలనీలు లేచాయి, వాగులు నాలాలయ్యాయి. నీళ్లు మాత్రం పాత దారి మర్చిపోలేదు. వాటి జాడ చెప్పే మనిషీ మాటా పోయాయి.

2020లో ఆ వాన పడిన నాలుగు రోజులకి, అక్టోబరు 17 రాత్రి, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. హఫీజ్‌బాబానగర్ వీధుల్లో కార్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి. ఇళ్లు కడుక్కుని, బురద తోసుకుని, గండం గడిచిందనుకున్న జనం మీదికి రెండోసారి నీళ్లొచ్చాయి. తమ వీధిలో ఎంత వాన పడిందన్నది చూసుకుంటే వాళ్లకి ఆ ప్రమాదం అందదు. తమకు పైనున్న చెరువు ఎంత నిండిందో తెలిస్తేనే అందుతుంది. అందుకే ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు మంజీరా నీళ్లు వస్తాయా అని అడిగినట్టే, ఈ ఇంటికి పైన ఏ చెరువుంది, దాని నీళ్లు ఎటు పోతాయి అని కూడా అడగాలి. పదేళ్లుగా అక్కడున్న కిరాణా కొట్టాయన్ని అడిగితే గోడ మీద నీటి మరక ఎక్కడిదాకా వచ్చిందో వేలు పెట్టి చూపిస్తాడు.

మూసీ విషయంలో మనకు ఇంకా పెద్ద పాఠం ఉంది. 1908 సెప్టెంబరు 28 వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారని చెప్పుకుంటాం, ఆ చెట్టు కింద ఏటా వాళ్లని తలుచుకుంటాం. విశ్వేశ్వరయ్యని పిలిపించడం, 1920 నాటికి ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ రావడం ఆ వరద ఫలితమే. ఆ రెండు జలాశయాలు ఊరికి రక్షణతో పాటు సమయాన్నీ ఇచ్చాయి. గేట్లు ఎత్తిన నీళ్లు చాదర్‌ఘాట్ చేరేలోపు వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని మనం ఏం చేస్తున్నాం? గేట్లు ఎత్తారంటే చూడ్డానికి పిల్లల్ని తీసుకుని వెళ్తున్నాం. 2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. దసరాకి ఊళ్లకి బయల్దేరిన జనం అక్కడ చిక్కుకుంటే బయటికి తరలించాల్సి వచ్చింది. నది మధ్యలో ఉన్న బస్ స్టేషన్‌ని ఏ నీటిమట్టం దగ్గర ఖాళీ చేయాలన్న లెక్క గేట్లు ఎత్తే లెక్కతోనే ముడిపడి ఉండాలి.

జనానికి చెప్పినా కదలరు అనే మాట అధికారుల నోట తరచూ వింటాం. నేను దాన్ని ఒప్పుకోను. కదలకపోవడానికి కారణాలున్నాయి, అన్నీ న్యాయమైనవే. తాళం వేసి వెళ్తే దొంగలు పడతారన్న భయం. పునరావాస కేంద్రంలో ఆడవాళ్లకి బాత్రూం ఉంటుందో లేదోనన్న బెంగ. ఈఎంఐ కడుతున్న ఆటో నీళ్లలో మునిగితే రేపటి తిండి ఎట్లా అన్న దిగులు. మంచం పట్టిన ముసలాయన్ని ఎవరు మోస్తారన్న ప్రశ్న. ఖాళీ చేయించిన వీధి మొదట్లో ఇద్దరు కానిస్టేబుళ్లు రాత్రంతా నిలబడితే, ఆటోలూ బండ్లూ పెట్టుకోవడానికి ఎత్తు మీద ఒక మైదానం ముందే చూపిస్తే, సగం ఇళ్లు వాటంతటవే కదులుతాయి. 2020లో వరద సాయం కింద కుటుంబానికి పది వేలిచ్చారు. ఆ డబ్బు కోసం జనం మీసేవ ముందు బారులు తీరారు. మునిగాక ఇచ్చే సాయానికి పద్దు ఉంది, మునగకముందు మనిషిని తీసుకెళ్లడానికీ అట్లాంటి పద్దు ఉండాలి. 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా పేరులో విపత్తు స్పందన ఉంది. జనం దాని గురించి మాట్లాడుకునేది మాత్రం ఎక్కువగా కూల్చివేతల గురించే. బస్తీ బస్తీకీ తిరిగి ఇక్కణ్నుంచి ఇటు వెళ్లండని గోడ మీద బాణం గుర్తు వేయించడం కూడా అంతే ముఖ్యమైన పని.

తీరప్రాంతం ఈ విద్య నేర్చుకుంది. 1999 సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో దాదాపు పది వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ వచ్చేలోపు లక్షల మందిని ముందే తరలించారు, మరణాలు పదుల్లో ఆగాయి. తుఫాను రెండు మూడు రోజుల ముందు కబురు పెడుతుంది, నగరంలో వానకి అంత గడువు ఉండదు. కొన్ని గంటలే. అంటే ఆ గంటల్లో కూర్చుని ఆలోచించే తీరిక లేదు, నిర్ణయం ముందే అయిపోయి ఉండాలి.

మంటలకైతే నిమిషాలే. 2022 మార్చిలో భోయిగూడ తుక్కు గోదాం మీద నిద్రపోతున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే ఇంట్లో 17 మంది పోయారు, వాళ్లలో ఎనిమిది మంది పిల్లలు. రెండు చోట్లా కిందికి దిగే దారి ఒక్కటే, అదీ ఇరుకు. ఇది రాస్తుంటే మా పాత ఇంటి మెట్లు కళ్ల ముందు కనిపిస్తున్నాయి. మెట్ల కింద నాలుగు బండ్లు, వాటిలో ఒకటి రాత్రంతా చార్జింగ్‌లో. పది దాటితే గేటుకి లోపలి నుంచి తాళం. ప్రతి కిటికీకీ తెరుచుకోని ఇనుప గ్రిల్. పైన టెర్రస్ తలుపుకి ఇంకో తాళం, దాని చెవి కూకట్‌పల్లిలో ఉండే ఓనర్ దగ్గర. దొంగలు లోపలికి రాకుండా చేసుకున్న ఏర్పాట్లన్నీ కలిసి మనం బయటికి పోకుండా చేస్తున్నాయి. మెట్ల దారి పొగగొట్టంలా మారినప్పుడు తలుపు మూసి, సందుల్లో తడి గుడ్డలు కుక్కి, బాల్కనీలోకి వచ్చి నిలబడాలన్నది మా వీధిలో ఒక్కరికీ తెలియదు. లిఫ్ట్ ఎక్కకూడదని తెలిసినవాళ్లు కొందరున్నారు.

గ్రిల్‌లో ఒక్క కిటికీనైనా లోపల బోల్టుతో తెరుచుకునేలా చేయించుకోవడానికి వెల్డింగ్ షాపులో ఒక పూట పని. కాగితాలు, వారానికి సరిపడా మందులు, టార్చి, కొంత నగదు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు ఒక సంచిలో ఉంచడం పది నిమిషాల పని. సర్టిఫికెట్లు డిజిలాకర్‌లో ఉంటే ఆ సంచి ఇంకా తేలికవుతుంది. నడవలేని మనిషిని ఎవరు మోయాలి అన్నది మాత్రం కుటుంబం ఒక్కటే తేల్చుకోలేదు. ఇరుగుపొరుగుతో ముందే మాట్లాడుకోవాలి. మా నాన్నని మోసిన కుర్రాళ్లలో ఒకరి పేరు కూడా ఆ రాత్రిదాకా నాకు తెలియదు.

ఇప్పుడు మేం అదే వైపు, కాస్త ఎత్తున్న ఇంకో వీధిలో మొదటి అంతస్తులో ఉంటున్నాం. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దాని సిమెంటు గద్దె మాకు గుర్తు. నీళ్లు ఆ గద్దె అంచు తాకితే చర్చ లేదు, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు పిల్లల్నీ ముసలివాళ్లనీ తీసుకుని మా ఇంటికో పైవాళ్ల ఇంటికో వచ్చేయాలి, మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ కూడా ఆపి రావాలి. ఈ మాట వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరూ పట్టించుకోలేదు, ఆదివారం సాయంత్రం ఇంటింటికీ వెళ్లి చెప్తే అందరూ ఒప్పుకున్నారు. ఈ ఇంటి టెర్రస్ తాళం చెవి రెండో అంతస్తు మెట్ల దగ్గర మేకుకి వేలాడుతుంది. జూన్‌లో తొలి వాన పడ్డాక అమ్మ ఎందుకో అనుమానమొచ్చి దాన్ని తీసుకెళ్లి తాళం తిప్పి చూసింది. తుప్పు పట్టి తిరగలేదు. కొబ్బరినూనె పోసి, గంట ఆగి మళ్లీ తిప్పితే తెరుచుకుంది.