వాయిదా పడని పౌర్ణమి: పీటర్ గేబ్రియల్ పునరాగమనం

పీటర్ గేబ్రియల్ 2023లో తన కొత్త ఆల్బమ్ ‘ఐ/ఓ’లోని పన్నెండు పాటలను పన్నెండు పౌర్ణములకు ఒక్కొక్కటిగా విడుదల చేశారు. జనవరి 6న పుష్య పౌర్ణమితో మొదలైన ఆ వరస నవంబరు 27న కార్తీక పౌర్ణమితో ముగిసింది. ఆల్బమ్ మొత్తంగా డిసెంబరు 1న వెలువడింది. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ పల్లెలో కూర్చుని పాటలు కట్టుకునే, అప్పటికి డెబ్బై మూడేళ్ల రాక్ గాయకుడికి మన పంచాంగంతో పనేమీ లేదు. అయినా ఆ ఏడాది జనవరికీ నవంబరుకీ మధ్య పన్నెండు పౌర్ణములు ఎలా కుదిరాయో గోడకు తెలుగు క్యాలెండర్ తగిలించుకున్న హైదరాబాద్ శ్రోతకు ఇట్టే తెలిసిపోతుంది: అది అధిక శ్రావణం వచ్చిన శోభకృత్ నామ సంవత్సరం. ఆగస్టు 1న వచ్చిన పాట అధిక శ్రావణ పౌర్ణమిది, ఆ నెలాఖరున వచ్చినది నిజ శ్రావణ పౌర్ణమిది.

సినిమా విడుదలకు ముందు ఫస్ట్ సింగిల్, సెకండ్ సింగిల్ అంటూ పాటలను విడివిడిగా వదలడానికి అలవాటు పడిన మనకు ఇది కూడా అలాంటి ప్రచారపు ఎత్తుగడే అనిపించవచ్చు. ప్రచారం ఇందులో లేకపోలేదు. అయితే సొంత పాటల కొత్త ఆల్బమ్‌ను ఇరవై ఒక్క ఏళ్లుగా పూర్తి చేయలేకపోయిన మనిషి, తాను జరపడానికి వీల్లేని గడువును తన మెడకు తానే తగిలించుకోవడమే ఈ పునరాగమనంలో అసలు సంగతి అని నా అభిప్రాయం. ఆయన వృత్తి జీవితాన్ని మొదటి నుంచి చూస్తే, గడువు మరొకరి చేతిలో ఉన్నంత కాలం గేబ్రియల్ వేగంగా పనిచేశారనీ, అది తన చేతికి వచ్చిన నాటి నుంచి నెమ్మదించారనీ తేలుతుంది.

1967లో చార్టర్‌హౌస్ పాఠశాల విద్యార్థులు కలిసి మొదలుపెట్టిన జెనెసిస్ బృందంతో ఆయన 1969 నుంచి 1974 వరకు ఆరేళ్లలో ఆరు ఆల్బమ్‌లు చేశారు. 1975లో బృందాన్ని వీడారు. ఆ తర్వాత 1977, 1978, 1980, 1982లలో వరసగా నాలుగు సొంత ఆల్బమ్‌లు తెచ్చారు. నాలుగింటికీ తన పేరే పెట్టి ఊరుకున్నారు కాబట్టి అభిమానులు వాటిని అట్టల మీది బొమ్మలను బట్టి గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది. వాటిలో మూడోదాని దగ్గర కాసేపు ఆగాలి. 1979లో లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో దాని రికార్డింగ్ జరిగినప్పుడు, డ్రమ్మర్ తాళాలు, సింబల్స్ జోలికి పోకూడదని గేబ్రియల్ షరతు పెట్టారు. డ్రమ్స్ ముందు కూర్చున్నది ఆయన పాత బృంద సహచరుడు ఫిల్ కాలిన్స్. వాద్యకారుడు చెప్పే మాట కంట్రోల్ గదిలోకి వినిపించడానికి గది పైకప్పు నుంచి వేలాడదీసిన మామూలు మైకు నుంచి డ్రమ్ దెబ్బ విపరీతంగా ఉబ్బి వినిపించింది. ఇంజినీర్ హ్యూ పాడ్‌గమ్ ఆ ప్రతిధ్వనిని నెమ్మదిగా ఆరిపోనివ్వకుండా, శబ్దం ఒక స్థాయికి తగ్గగానే దాన్ని ఆపేసే ‘గేట్’ అనే పరికరంతో టక్కున కోసేశారు. సింబల్స్ మోత లేకపోవడం వల్ల ఆ కోత స్పష్టంగా నిలిచింది. ఎనభైల పాప్ సంగీతమంతా వినిపించిన డ్రమ్ శబ్దానికి మూలం ఆ గదిలోనే ఉంది. ఏదో ఒకటి వద్దని తనకు తాను అడ్డుకట్ట వేసుకున్నప్పుడు గేబ్రియల్ పని పదునెక్కుతుందనడానికి ఇది తొలి దాఖలా.

1986 నాటి ‘సో’ ఆల్బమ్ రెండో దాఖలా. బాణీలు సిద్ధమైనా పాటల మాటలు ఎంతకీ పూర్తి కాకపోవడంతో, నిర్మాత డానియెల్ లాన్వా విసిగిపోయి ఆయన ఫోనును పగలగొట్టడమే గాక, ఆయనను లోపల ఉంచి తలుపుకు మేకులు కొట్టేశారని సంగీత ప్రపంచంలో అందరికీ తెలిసిన కథ. ఆ ఆల్బమ్ గేబ్రియల్ జీవితంలోనే అత్యధికంగా అమ్ముడైంది. అందులోని ‘స్లెడ్జ్‌హామర్’ అమెరికాలో అగ్రస్థానానికి చేరింది, దాని వీడియో 1987లో తొమ్మిది ఎంటీవీ అవార్డులు గెలుచుకుంది. 1991లో స్టార్ ఉపగ్రహ చానళ్లతో పాటు ఎంటీవీ మన ఇళ్లలోకి వచ్చాక, ఇంగ్లిష్ పాటలు వినే హైదరాబాద్ కుర్రకారుకు గేబ్రియల్ అంటే మొదట గుర్తొచ్చేది ఆ వీడియోలో ఫ్రేము ఫ్రేముకూ కదిలే ఆ ముఖమే.

ఆ డబ్బుతోనే ఆయన బాక్స్ అనే ఊళ్లో పాత నీటి మరను రియల్ వరల్డ్ స్టూడియోగా మార్చుకున్నారు. చిక్కు అక్కడే మొదలైందని నేననుకుంటాను. సొంత పొలంలో బావి తవ్వుకున్న రైతుకు కాలువ నీటి వంతు కోసం అర్ధరాత్రి లేచే అవసరం ఉండదు, అలాగే సొంత స్టూడియో ఉన్న గాయకుడికి కాల్‌షీట్ అయిపోతోందన్న తొందర ఉండదు. కృష్ణానగర్, ఫిలింనగర్ ప్రాంతాల్లో ఇప్పుడు మన సంగీత దర్శకులకూ సొంత స్టూడియోలున్నాయి గానీ, వాళ్ల వెనక నిర్మాత, ఆయన వెనక విడుదల తేదీ నిలబడి ఉంటాయి. గేబ్రియల్ వెనక ఎవరూ లేరు. ‘సో’ తర్వాత ‘అస్’ రావడానికి ఆరేళ్లు పట్టింది, ఆ తర్వాత 2002లో ‘అప్’ రావడానికి పదేళ్లు. ‘అప్’ విడుదలైన రోజుల్లోనే తర్వాతి ఆల్బమ్ పేరు ‘ఐ/ఓ’ అని ఆయన చెప్పేశారు. పేరు సిద్ధమైన ఆల్బమ్ మాత్రం ఇరవై ఒక్క ఏళ్లకు గానీ చేతికి రాలేదు.

ఈ మధ్యకాలంలో ఆయన ఖాళీగా ఉన్నారని కాదు. 2005లో మరొకరితో కలిసి సాలిడ్ స్టేట్ లాజిక్ అనే కంపెనీని కొన్నారు, విడివిడిగా రికార్డు చేసిన గొంతునూ వాద్యాలనూ తూచి కలిపే (మిక్స్ చేసే) కన్సోళ్లను తయారుచేసేది అది, టౌన్‌హౌస్‌లో ఆ డ్రమ్ శబ్దం పుట్టింది ఆ కంపెనీ కన్సోల్ మీదే. ఇంటర్నెట్లో పాటలు అమ్మే సంస్థను అంతకు ముందే స్థాపించి ఉన్నారు. మానవ హక్కుల ఉల్లంఘనలను వీడియోల్లో నమోదు చేసే ‘విట్‌నెస్’ 1992 నుంచీ ఆయన పనుల్లో ఒకటి. నెల్సన్ మండేలా 2007లో ప్రారంభించిన ‘ది ఎల్డర్స్’ ఆలోచన ఆయనది, రిచర్డ్ బ్రాన్సన్‌ది. 2010లో ఇతరుల పాటలను గిటార్, డ్రమ్స్ లేకుండా ఆర్కెస్ట్రాతో పాడారు, 2011లో తన పాత పాటలనే అదే పద్ధతిలో మళ్లీ పాడారు. అన్నీ విలువైన పనులే. కానీ ఒక్కటి కూడా కొత్త పాట రాయాల్సిన పని కాదు.

పక్కదారులన్నింటినీ నష్టం పద్దులో రాయడం కూడా న్యాయం కాదు, ముఖ్యంగా మన వైపు నుంచి చూసినప్పుడు. దేశదేశాల సంగీతాన్ని ఒకే చోట వినిపించడానికి 1982లో ఆయన మొదలుపెట్టిన వోమాడ్ ఉత్సవం తొలి ఏడాదే భారీ నష్టం తెచ్చింది. ఆ అప్పు తీర్చడానికి జెనెసిస్ పాత మిత్రులు అదే అక్టోబరులో ఆయనతో కలిసి ఒక్కరోజు వేదికెక్కారు. ఆ ఉత్సవమే 1985లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీని ఇంగ్లిష్ శ్రోతల ముందుకు తెచ్చింది, రియల్ వరల్డ్ రికార్డులు దాన్ని ప్రపంచమంతా తిప్పాయి. 1989 నాటి ‘ప్యాషన్’ ఆల్బమ్‌లో నుస్రత్ గొంతు, మన ఎల్.శంకర్ వయొలిన్ ఒకే చోట వినిపిస్తాయి. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఖవ్వాలీ విని పెరిగినవాళ్లకూ, 1971లోనే పద్మశ్రీ అందుకున్న అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పరంపర తెలిసినవాళ్లకూ ఖవ్వాలీని ఎవరో కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. అయితే ఒక రాక్ గాయకుడు ఆ సంగీతాన్ని తన పాటకు తాలింపుగా వాడుకుని వదిలేయకుండా, ఆ గాయకుల పేర్లతోనే రికార్డులు వేయడం ఆ రోజుల్లో అరుదు. 1988 సెప్టెంబరు 30న మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ కచేరీ కోసం స్టింగ్, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ట్రేసీ చాప్‌మన్, యూసూ న్దూర్‌లతో కలిసి ఆయన ఢిల్లీ కూడా వచ్చి పాడారు.

ఇక గడువు విషయానికి వద్దాం. మన దగ్గర విడుదల తేదీ ప్రకటించడం, వాయిదా వేయడం, మళ్లీ ప్రకటించడం ఎంత మామూలో సినీ అభిమానులకు చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్లు గేబ్రియల్ కూడా అదే చేశారు. పౌర్ణమికి మాత్రం వాయిదా ఉండదు. జనవరిలో మొదటి పాట వదిలాక ఫిబ్రవరి 5న రెండోది ఇవ్వక తప్పదు, మార్చి 7న మూడోది. మే 18న పోలండ్‌లోని క్రకోవ్‌లో కచేరీల యాత్ర మొదలుపెట్టి, ఇంకా విడుదల కాని పాటలను కూడా జనం ముందు పాడేయడంతో వెనక్కి తగ్గే దారి పూర్తిగా మూసుకుపోయింది. అదే ఏడాది పద్దెనిమిదేళ్ల తర్వాత సొంత పాటలతో వచ్చిన రోలింగ్ స్టోన్స్ బృందం కథా ఇలాంటిదే: ప్రేమికుల రోజు నాటికి రికార్డింగ్ ముగించాలని వాళ్ల గాయకుడు మిక్ జాగర్ గడువు పెడితే గానీ వాళ్ల పని కదల్లేదు. పెద్ద వయసు రాక్ కళాకారులకు కరవైనది స్ఫూర్తి అని విమర్శకులు రాస్తుంటారు. నాకు కనిపించినంతలో కరవైనది ‘ఇక చాలు, పంపించెయ్’ అనే మనిషి.

పాటల మాటకొస్తే, మార్చి పౌర్ణమికి వచ్చిన ‘ప్లేయింగ్ ఫర్ టైమ్’ ఈ ఆల్బమ్‌కు గుండెకాయ. 2012లోనే ఆయన దీన్ని వేదికపై పాడారు, అప్పటికి మాటలు పూర్తి కాలేదు, బాణీ మీద అర్థం లేని శబ్దాలు పలికారు. పదకొండేళ్ల తర్వాత మాటలు కుదిరిన రూపంలో పాట పియానో, గొంతు మాత్రమే తోడుగా దిగువ స్థాయిలో మొదలవుతుంది. కాలం, జ్ఞాపకం, మనిషి పోయాక మిగిలేది ఏమిటన్న విషయాన్ని హడావిడి లేకుండా చెప్పుకుంటూ పోయి, చివరి భాగంలో తంత్రీవాద్యాలు, డ్రమ్స్ కలిసి లేచినప్పుడు గొంతు కూడా ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ గొంతులో కాస్త గరుకు చేరింది, పట్టు మాత్రం సడలలేదు. బాస్ మీద టోనీ లెవిన్, గిటార్ మీద డేవిడ్ రోడ్స్, డ్రమ్స్ మీద మాను కాచే దశాబ్దాలుగా ఆయనతో ఉన్నవాళ్లే కాబట్టి, ఎవరూ తమ నైపుణ్యం చూపించుకోవాలని తాపత్రయపడరు. తల్లి గురించి రాసిన ‘అండ్ స్టిల్’ అక్టోబరు 28న, అంటే పాక్షిక చంద్రగ్రహణానికి మన ఆలయాల తలుపులు మూసిన రోజున వచ్చింది. కాకతాళీయమే అయినా పాటకు అతికినట్టు సరిపోయింది. ‘రోడ్ టు జాయ్’ మాత్రం ‘సో’ నాటి ఊపును మళ్లీ పట్టుకోవాలని చూసి సగం దూరంలోనే ఆగిపోయిందనిపిస్తుంది.

అసలు పేచీ మిక్సుల దగ్గర. ప్రతి పాటనూ మార్క్ ‘స్పైక్’ స్టెంట్ చేసిన బ్రైట్-సైడ్ మిక్స్‌గా, చాడ్ బ్లేక్ చేసిన డార్క్-సైడ్ మిక్స్‌గా రెండుసార్లు ఇచ్చారు. ఒకటి పౌర్ణమికి వస్తే రెండోది కొన్ని రోజుల తర్వాత వచ్చేది. ఇవి చాలవన్నట్టు, శబ్దం చుట్టూరా వినిపించే డాల్బీ అట్మాస్ పద్ధతిలో హాన్స్-మార్టిన్ బఫ్ చేసిన ఇన్-సైడ్ మిక్స్ మూడోది. శ్రోతకు ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చామని చెప్పుకోవచ్చు గానీ, నా దృష్టిలో ఇది నిర్ణయాన్ని శ్రోత నెత్తిన పెట్టడమే. ఏ రోజుకు ఇవ్వాలో పౌర్ణమి తేల్చింది, ఏ రూపంలో ఇవ్వాలో తేల్చే వాళ్లు ఈసారీ లేరు. 37 ఏళ్ల తర్వాత ఆయనను మళ్లీ బ్రిటన్ ఆల్బమ్‌ల జాబితాలో అగ్రస్థానానికి చేర్చిన ఈ ఆల్బమ్‌కు, 2025లో గ్రామీలు దక్కింది కూడా ఇంజినీరింగ్, ఇమ్మర్సివ్ ఆడియో విభాగాల్లో, అంటే పాట రాసినందుకు కాక శబ్దాన్ని మలిచినందుకు. ఆ గుర్తింపు అర్హమైనదే. అయినా రెండు మిక్సుల్లో ఒకటి ఎంచుకోమంటే నా ఓటు డార్క్-సైడ్‌కే పడుతుంది, ఎందుకంటే అందులో వాద్యాల మధ్య ఖాళీ ఎక్కువ, గొంతు దగ్గరగా వినిపిస్తుంది. ‘ఆలివ్ ట్రీ’, ‘రోడ్ టు జాయ్’ లాంటి హుషారు పాటలకు మాత్రం బ్రైట్-సైడే నప్పుతుంది. కొత్తగా వినబోయేవాళ్లు ఇరవై నాలుగు ట్రాకులనూ వరసపెట్టి వినే సాహసం చేయకుండా, ముందు పన్నెండింటితో సరిపెట్టుకోవడం మంచిది.