గాయం ముక్కతో సహా

బంగారానికి విలువ కట్టినవాడు లోకంలో దేనికైనా కట్టగలడని మా అత్తవారింట్లో ఒక గట్టి నమ్మకం ఉంది. బ్యాంకులో తాకట్టు నగలు పరీక్షించే పనిలో ఉండి పదవీ విరమణ పొందిన నాటి నుండి పాత బీరువాకు, ఇంటి స్థలానికి, ఒకటి రెండు పెళ్లి సంబంధాలకు కూడా నన్నే పిలిచి ధర చెప్పమంటున్నారు. అందువల్ల ఈ వేసవిలో చెన్నైలో మైలాపూరు ఇంటికి వెళ్లిన రోజున మా బావమరిది భోజనాల బల్ల మీద పాత తువ్వాలు పరిచి, దాని మీద ఒక డైనోసార్‌ను నిలబెట్టి, "బావగారూ, దీనికి ఎంత రావచ్చు?" అని అడిగినప్పుడు నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. నిలబెట్టి అన్నాను గాని, ఆ జంతువు నిలబడలేదు. మెల్లగా ముందుకు ఒరిగి ఆవకాయ జాడీ మీద మూతి ఆనించింది.

ఇంటికి సున్నం వేయించడానికి అటక ఖాళీ చేస్తుండగా బొమ్మల కొలువు పెట్టెల్లో, దశావతారాల పక్కన, పాత తమిళ పత్రికలో చుట్టి ఉండగా అది బయటపడిందట. 1993లో జురాసిక్ పార్క్ చిత్రం విడుదలైనప్పుడు అమెరికాలోని కెన్నర్ సంస్థ ఆ పేరుతో బొమ్మల వరుస ఒకటి తెచ్చింది. అందులోని పెద్ద టైరానోసారస్‌ను, ఒంటి రంగును బట్టి, సేకరించేవారు రెడ్ రెక్స్ అంటారు. దానిని మా మామగారు బర్మా బజారులో, అడిగిన ధరలో సగానికి బేరమాడి కొడుకు కోసం కొన్నారు. ఇప్పుడు బెంగళూరులో ఇటువంటి బొమ్మలు సేకరించే ఒక పెద్దమనిషి దానిని కొంటానని, అయితే ముందుగా దాని స్థితిగతుల మీద ఒక నివేదిక పంపి, సాయంత్రం వీడియోలో చూపించాలని కోరాడు. ఆ నివేదిక రాసే భారం నా మీద పడింది.

ఆయన పంపిన ప్రశ్నలు చదివిన తరువాత మా బ్యాంకు వారి పరీక్ష ఎంత దయతో కూడినదో నాకు అర్థమైంది. సంస్థ పేరు, సంవత్సరం ఒంటి మీద అచ్చుపడి ఉన్నాయా, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయా లేక నకిలీ బొమ్మల మీద వలె అలుక్కుపోయాయా, అచ్చు అతుకులు ఎగుడుదిగుడుగా ఉన్నాయా, పళ్ల చివర రంగు చెరిగిందా, మీట నొక్కితే గర్జిస్తుందా, చర్మం జిగురుగా తగులుతోందా అని ఆయన అడిగాడు. మెత్తని ప్లాస్టిక్కులో కలిపే ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరి జిగురవుతుందట; చెన్నై ఎండలో అటక మీద అన్నేళ్లు ఉన్నా ఈ బొమ్మకు ఆ జబ్బు రాకపోవడం మామగారి బేరం కన్నా గొప్ప సంగతి. అచ్చులోని సంవత్సరం నమూనా మీది హక్కుకు సంబంధించినదే గాని ఆ బొమ్మ తయారైన తేదీ కాదని కూడా ఆయన హెచ్చరించాడు. రెండు కాళ్ల మీద నిలిచే డైనోసార్లు కాలక్రమేణా ముందుకు వంగడం మామూలేనని, కాళ్లను వేడి నీటిలో ముంచి, సరిచేసి, వెంటనే చన్నీటిలో పెడితే నిటారుగా అవుతాయని చెప్పాడు గాని, ఇడ్లీ పాత్రలో రాక్షసబల్లిని ముంచడానికి మా అత్తగారు అనుమతి నిరాకరించారు.

ఎనిమిదో తరగతి చదివే మా మేనల్లుడు మధ్యలో కల్పించుకుని ఈ బొమ్మకు విలువే లేదని తేల్చాడు. టైరానోసారస్ అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి గాని ఇలా నేల వైపు తిరిగి ఉండకూడదట. అది జీవించినది సుమారు 6.8 కోట్ల నుండి 6.6 కోట్ల సంవత్సరాల క్రితం గనుక, అంతకు ఎంతో ముందే ముగిసిన జురాసిక్ యుగం పేరు దానికి అన్యాయమట. నిజమైన జురాసిక్ జంతువు కావాలంటే ఆదిలాబాదు ప్రాంతంలో యామన్‌పల్లి దగ్గర ఎముకలు దొరికిన కోటసారస్ ఉందని, దాని అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో చూశానని వాడు చెప్పగా, అది శాకాహారి అని తెలుసుకున్న అత్తగారు, కొలువులో పెట్టదగినది అదేనని అభిప్రాయపడ్డారు. అరచేతుల సంగతి బెంగళూరుకు తెలియజేశాను. 1993లో ఎలా తప్పుగా చేశారో అలాగే ఉంటే చాలునని జవాబు వచ్చింది.

అసలు చిక్కు గాయం దగ్గర వచ్చింది. ఆ వరుసలోని చాలా బొమ్మలకు ఒంటి మీది చర్మంలో ఒక ముక్క ఊడి వస్తుంది. తీస్తే లోపల ఎర్రని కండ, పక్కటెముకలు కనిపిస్తాయి. పెడితే జంతువుకు స్వస్థత చేకూరుతుంది. సేకరించేవారు దానిని గాయం ముక్క అంటారు. మా ఇంట్లో కాసేపటికే అది ఉత్త గాయమైంది. మన బొమ్మకు పక్కటెముకలు బాహాటంగా కనిపిస్తున్నాయి, ముక్క మాత్రం లేదు. అది లేకపోతే ధర బాగా తగ్గుతుందని ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు. నగ మీద సొట్ట ఉన్నా, లోపల లక్క ఉన్నా నేను తరుగు తీసినవాడినే గాని, గాయపడడానికి తగిన ఏర్పాట్లు లేవని తరుగు తీయడం నా ఉద్యోగ జీవితంలో ఎరుగను.

అంతట ఇల్లంతా గాయం కోసం వెతుకులాట మొదలైంది. నా భార్య కొలువు పెట్టెలన్నీ తిరగేసింది. కూర్మావతారం మూపు కూడా ఊడుతుందేమోనని లాగి చూసింది. ఆ సమయంలోనే మా బావమరిది, బ్యాటరీ గదిలో పేరుకున్న తెల్లని చిలుమును నిమ్మరసంతో తుడిచి కొత్త బ్యాటరీలు వేశాడు. ఏళ్ల తరబడి నోరు కట్టుకుని కూర్చున్న ఆ బొమ్మ ఒక్కసారిగా చేసిన కేక, "గాయం ఎక్కడ? ఇంత పెద్ద గాయం ఎలా పోతుంది?" అని నా భార్య వేసిన కేక కలిసి గోడ దాటి వెళ్లాయి. నిమిషంలో పక్కింటి మామి దూది, అయోడిన్ సీసా పట్టుకుని పరుగున వచ్చి, అందరిలోకీ నీరసంగా కనిపించినందువల్ల కాబోలు, నన్ను బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమెకు సంగతి వివరించి, నా మోకాలిని ఆమె చేతుల నుండి విడిపించుకునే లోపల, ఐదేళ్ల మా మేనకోడలు తన వంతు వైద్యం తాను చేసింది. దెబ్బ తగిలితే పసుపు పెట్టాలని ఆ బిడ్డకు నేర్పినవారు మేమే గనుక ఎవరినీ అనడానికి లేదు. వంటింటి పసుపు డబ్బాలో సగం డైనోసార్ పక్కటెముకల మధ్య ఉంది.

తడిగుడ్డతో తుడిచేకొద్దీ పసుపు ఎముకల నుండి కండకు వ్యాపించింది. ఎండలో పెడితే పసుపు మరక వెలిసిపోతుంది. అయితే ఎండకు అసలు రంగు కూడా వెలిసిపోతుంది గనుక ఏ మరకను బతికించాలో తేల్చుకోలేక ఊరుకున్నాము.

ఈ గొడవంతా చూస్తూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తగారు, చివరకు ఆ గాయం ఎలా ఉంటుందని అడిగారు. ఎర్రగా, అరచేతిలో పట్టేంత, పొలుసులు పొలుసులుగా ఉంటుందని బావమరిది చెప్పాడు. "ఆ రబ్బరు చెక్కా? అది గ్రైండరు కాలి కింద ఉంది కదరా. గాయం గాయం అంటే నాకేం తెలుస్తుంది?" అన్నారామె.

గ్రైండరును ఇద్దరం పట్టి లేపాము. ముక్క అక్కడే ఉంది. మధ్యలో గ్రైండరు కాలు నొక్కిన గుండ్రని గుంట, పొలుసుల సందుల్లో ఎండి గట్టిపడిన ఇడ్లీ పిండి, అంచున ఒక మెంతి గింజ కనిపించాయి. కడిగి పెట్టి చూస్తే బొమ్మ పక్కలో టక్కున అమరింది. సాయంత్రం వీడియోలో దానిని చూసిన బెంగళూరు పెద్దమనిషి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గుంటను దగ్గరగా చూపించమని, పసుపును మాత్రం ఇక ముట్టుకోవద్దని చెప్పి, ఆ స్థితిలోనే తీసుకుంటానని మర్యాదైన ధరే పలికాడు.

బేరం కుదిరిందని అందరూ సంతోషిస్తుండగా వంటింట్లో గ్రైండరు పెద్ద చప్పుడుతో గట్టు మీద నడవడం ప్రారంభించింది. అత్తగారు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, డైనోసార్ పక్కలోని ముక్కను ఊడదీసుకుని వెళ్లారు. కొత్త రబ్బరు కాలు కొని తెస్తానని కొడుకు ఎంత చెప్పినా, తెచ్చిన రోజున చూద్దామన్నారు. కాబట్టి నివేదిక చివరి గడిలో, ఏళ్ల తరబడి చేతికి అలవాటైన మాటల్లోనే, ఈ విధంగా రాసి సంతకం చేశాను: "గాయం ముక్క కలదు. ప్రస్తుతం అత్తగారి వద్ద తాకట్టులో ఉన్నది. విడుదలకు గ్రైండరు కాలు ఒకటి సమర్పించవలెను."