నిరుటి సంకల్పం

ఈసారి వినాయక చవితికి పురోహితుడు దొరకకపోవడంతో, పాలవెల్లి కట్టి, పత్రి పళ్ళెంలో పెట్టి, పీఠం పక్కన ఫోను నిలబెట్టి, ‘2025 వినాయక చవితి పూజావిధానం’ అని పేరున్న ఒక వీడియోకు మా కుటుంబమంతా శిష్యరికం చేసింది. ఆచమనం, ప్రాణాయామం ఎలా గడిచాయో గుర్తు లేదు గాని, సంకల్పం మాత్రం మరచిపోదామన్నా మరపునకు రావడం లేదు.

తెరలోని పంతులుగారు గంభీరంగా ‘క్రోధి నామ సంవత్సరే’ అన్నారు, నేనూ అన్నాను. ‘దక్షిణాయనే, వర్షర్తౌ, భాద్రపద మాసే, శుక్ల పక్షే, చతుర్థ్యాం’ అన్నారు. అవి ఏ ఏటి చవితికైనా చెల్లే మాటలే కనుక నోరు తడుముకోలేదు. ‘స్థిరవాసరే’ అన్నారు, అదీ అన్నాను, పైగా పిల్లల ఉచ్చారణ సరిదిద్ది మరీ అనిపించాను. గోత్రనామాలు చెప్పుకోవడానికి ఆయన దయచేసిన వ్యవధి నాలుగు సెకన్లు కావడంతో, మా ఆవిడ పేరు సగమే స్వామికి చేరింది. తక్కిన సగం మీద ‘క్షేమ స్థైర్య ధైర్య’ వచ్చి పడింది.

పళ్ళెంలో నీళ్ళు విడిచానో లేదో, వెనక కుర్చీలోంచి నాన్నగారు, ‘ఒరేయ్, స్థిరవాసరమంటే శనివారం కదరా! ఇవాళ బుధవారం’ అన్నారు.

నిజమే. ఆగస్టు 27, బుధవారం, సౌమ్యవాసరే అనాలి. క్రోధి ఉగాదికే సెలవు తీసుకుంది. విశ్వావసు వచ్చి అయిదు నెలలు కావస్తోంది. అంటే నేను సకుటుంబంగా, నీళ్ళు వదిలి మరీ, 2024 సెప్టెంబరు 7, శనివారం నాటి పూజ చేస్తున్నానన్నమాట! ఆ పూజ ఆనాడే చేశాం, ఆ ఉండ్రాళ్ళు ఆనాడే అరిగిపోయాయి. పోనీ, రాబోయే క్రోధికి జమ కట్టుకోమని స్వామిని వేడుకుందామా అంటే, అరవై ఏళ్ళ చక్రం తిరిగి అది 2084లో గాని రాదు. అప్పటికి ఫలం అందుకోవడానికి నేనుండాలి కదా.

పాత పూజకు పై అట్ట మాత్రం మార్చి కొత్త అంకె అతికించిన ఆ మహానుభావుడు, మధ్యలో రెండుసార్లు ప్రకటనలు దూర్చడంలో చూపిన శ్రద్ధలో పిసరంతైనా పంచాంగం మీద చూపి ఉంటే, తిరిగి పలకవలసినవి నాలుగైదు మాటలే. నేను పైసా ఇవ్వలేదన్నది వేరే సంగతి.

నాన్నగారు ఫోను ఆపించి, తామే చెబుతూ మళ్ళీ సంకల్పం మొదలుపెట్టించారు. నేను ‘విశ్వావసు’ అనబోతుండగా, పక్కింటి కిటికీలోంచి అదే గొంతు, అదే గాంభీర్యంతో ‘క్రోధి నామ సంవత్సరే’ అంది; వెంటనే అయిదారు గొంతులు భక్తిగా అందుకున్నాయి. మా ఆవిడ లేచి వెళ్ళి కిటికీ మూసింది.